మానవవాదులు కవిత్వాన్ని ఎందుకు వదులుకోలేదు

భారత పౌరుడి ప్రాథమిక విధుల్లో మానవవాదం ఒకటన్న సంగతి చాలామందికి తెలియదు. రాజ్యాంగం 51ఎ అధికరణంలోని (హెచ్) క్లాజు ప్రకారం శాస్త్రీయ దృక్పథాన్నీ, మానవవాదాన్నీ, జిజ్ఞాసనూ, సంస్కరణ స్ఫూర్తినీ పెంపొందించుకోవడం మన బాధ్యత. ఈ క్లాజు 1976లో 42వ సవరణతో వచ్చింది. అవి ఎమర్జెన్సీ రోజులు. ప్రతిపక్ష నాయకులు జైళ్లలో ఉన్నారు, పత్రికల మీద సెన్సారు నడుస్తోంది. జీవితమంతా మానవవాదినని చెప్పుకున్న వి.ఎం. తార్కుండే, బొంబాయి హైకోర్టు న్యాయమూర్తిగా చేసినాయన, సరిగ్గా అదే ఏడాది జయప్రకాశ్ నారాయణ్‌తో కలిసి పౌరహక్కుల సంఘం కట్టే పనిలో ఉన్నారు. ప్రభుత్వమేమో మానవవాదాన్ని విధిగా రాస్తోంది, మానవవాదేమో ఆ ప్రభుత్వం మీదే పోరాడుతున్నాడు.

ఈ వైరుధ్యం పట్టుకుంటే మానవవాదం చుట్టూ ఉన్న చిక్కుముడి చాలావరకు విడిపోతుంది. మన దగ్గర ఆ మాట వినగానే కొందరికి నాస్తికత్వం గుర్తొస్తుంది, కొందరికి అన్నదానం, రక్తదానం గుర్తొస్తాయి. మానవవాదుల్లో నాస్తికులు ఎక్కువే, దయగలవాళ్లూ ఉన్నారు. కానీ అసలు పట్టు వేరే చోట ఉంది. బతికున్న ఒక్కొక్క మనిషినీ ఏదో ఒక పెద్ద పేరు చెప్పి బలి ఇవ్వడానికి ఒప్పుకోకపోవడం, అదీ ఆ పట్టు. ఆ పెద్ద పేరు దేవుడు కావచ్చు, దేశం కావచ్చు, వర్గం కావచ్చు, పార్టీ కావచ్చు. అందుకే మానవవాదులకు అన్ని వైపులా శత్రువులే. నీతి, రాజకీయం, మతం, కవిత్వం అనే నాలుగు విషయాల మీద వాళ్లు చెప్పే మాటలు విడివిడిగా చూస్తే పొంతన లేనట్టుంటాయి. ఈ పట్టు నుంచి చూస్తే ఒకే మాటలా కనిపిస్తాయి.

నాలుగింటిలో కవిత్వం ఏం పని మీద వచ్చిందని అనుమానం రావచ్చు. నిజానికి ముందొచ్చింది అదే. ఇటలీలో 15వ శతాబ్దపు పండితులు మానవ విద్యలని ఐదింటిని చెప్పేవాళ్లు: వ్యాకరణం, అలంకారశాస్త్రం, కవిత్వం, చరిత్ర, నీతిశాస్త్రం. వేదాంతం ఆ లెక్కలో లేదు. దాన్ని తోసేశారని కాదు, అది వేరే శాఖ. అంతకు ముందు శతాబ్దంలో ఈ ధోరణికి ఆద్యుడనిపించుకున్న పెట్రార్క్ కవి, పైగా భక్తుడు. తర్వాత వచ్చిన ఎరాస్మస్ క్రైస్తవ సన్యాసిగా దీక్ష తీసుకున్నవాడు. దేవుణ్ణి కాదనకుండానే వాళ్లు చేసిన పని ఏమిటంటే, మనిషి రాసిన మాటను మనిషి మాటగా చదవడం. ఈ ప్రతిలో ఏముంది, ఎవరు ఎప్పుడు ఎందుకు రాశారు, తర్వాత ఎవరు ఏం కలిపారు అని అడగడం. ఆ చదువే మెల్లగా మతగ్రంథాల దాకా పాకింది. మతంతో తగవు అక్కడ మొదలైంది. రాజకీయం ఇంకా ఆలస్యంగా చేరింది.

మన దేశంలో ఈ నాలుగింటినీ ఒక సిద్ధాంతంగా కట్టినవారు ఎం.ఎన్. రాయ్. అసలు పేరు నరేంద్రనాథ్ భట్టాచార్య, పుట్టింది 1887లో, బెంగాల్‌లో. తుపాకుల కోసం 1915లో దేశం దాటిన విప్లవకారుడు, మెక్సికోలో కమ్యూనిస్టు పార్టీ పుట్టుకలో పాలుపంచుకుని, 1920లో మాస్కోలో వలస దేశాల ప్రశ్న మీద లెనిన్‌తోనే వాదించారు. 1929లో కొమింటర్న్, అంటే మాస్కో నుంచి నడిచే కమ్యూనిస్టు పార్టీల అంతర్జాతీయ సంస్థ, ఆయన్ని బయటికి పంపింది. తిరిగొచ్చాక 1931 నుంచి 1936 దాకా బ్రిటిష్ వాళ్ల జైల్లో ఉండి, ఆధునిక విజ్ఞానశాస్త్రం తత్వశాస్త్రాన్ని ఎలా మార్చిందన్న దాని మీద తొమ్మిది సంపుటాల నోట్సు రాశారు. (అదే జైల్లో ఒక పిల్లి ఆత్మకథ కూడా రాశారు. పెద్ద తత్వవేత్తల మీద నాకు గురి కుదిరేది ఇలాంటి చోటే.) 1946లో ఆయన రాడికల్ డెమోక్రాటిక్ పార్టీ బొంబాయి మహాసభలో 22 సూత్రాలను ఆమోదించింది. నవ్యమానవవాదమని పేరుపడ్డ ఆయన సిద్ధాంతానికి అవే పునాది. వాటిలో మొదటి సూత్రం సారం ఇది: సమాజానికి మూలరూపం వ్యక్తే. సమాజం ఎంత ముందుకెళ్లిందో తెలియాలంటే అందులోని ఒక్కో మనిషికి ఎంత స్వేచ్ఛ దక్కిందో చూడాలి.

ఇక నీతి. దేవుడు చూస్తున్నాడన్న భయం లేకపోతే మనిషి మంచిగా ఎందుకుంటాడన్నది మానవవాదులకు తప్పని ప్రశ్న. రాయ్ జవాబు ఒక గొలుసులా సాగుతుంది. విశ్వం నియమాల ప్రకారం నడుస్తుంది. మనిషి ఆ విశ్వంలో పుట్టి పెరిగిన ప్రాణి, కాబట్టి ఆ నియమబద్ధత అతని మెదడులో వివేచనగా పని చేస్తుంది. వివేచన ఉన్నవాడు పక్కవాడితో కలిసి బతకడానికి ఏం చెయ్యాలో, ఏం చెయ్యకూడదో గ్రహిస్తాడు. ఆ గ్రహింపే నీతి. ఆకాశం నుంచి ఏదీ దిగిరానక్కర్లేదు, అంతరాత్మ కూడా జీవపరిణామంలో వచ్చిందే.

వినడానికి బాగుంది. మధ్యలో ఒక మెట్టు లేదు. లోకం ఎలా ఉందో ఎంత వివరంగా చెప్పినా, మనం ఎలా ఉండాలో దానంతటది తేలదని 18వ శతాబ్దంలోనే స్కాట్లండ్ తత్వవేత్త డేవిడ్ హ్యూమ్ ఎత్తిచూపాడు. నియమబద్ధమైన విశ్వంలో పులి కూడా పుట్టింది, నిరంకుశుడూ పుట్టాడు. వివేచన అంటే పద్ధతిగా ఆలోచించడమే అయితే, 20వ శతాబ్దపు నిర్బంధ శిబిరాలు నడిపినవాళ్లకు పద్ధతి ఏమీ తక్కువ లేదు. ఈ అభ్యంతరానికి రాయ్ రాతల్లో నాకు తృప్తికరమైన జవాబు దొరకలేదు.

కానీ నీతి గురించి ఆయన చెప్పినదాంట్లో నిలబడేది ఆ గొలుసు కాదు. దాని పక్కనే, దాదాపు ఒప్పుకోలులా చెప్పిన ఇంకో మాట ఉంది. నీతిలేని మార్గాల్లో వెళ్లి నీతిగల లక్ష్యాన్ని అందుకోవడం అనుమానమేనని ఆయన రాశారు. ఇది తర్కంతో తేల్చిన సూత్రం కాదు, అనుభవం. రేపటి సమసమాజం కోసం ఈ రోజు కొందరు పోవాల్సిందేనన్న లెక్క వేసిన ఉద్యమంలో ఆయన పదేళ్లు పైస్థాయిలో ఉన్నారు. ఆ లెక్కలో ‘కొందరు’ ఎప్పటికీ తరగరని, ‘రేపు’ ఎప్పటికీ రాదని దగ్గరి నుంచి చూశారు. గాంధీని దశాబ్దాల పాటు కటువుగా విమర్శించిన ఈ మనిషి, 1948లో గాంధీ హత్య తర్వాత ఆయనలోని నైతిక పార్శ్వాన్ని గౌరవంగా తలుచుకుంటూ రాశారు. ఇద్దరి దారులూ ఎక్కడా కలవవు. ఒకరిది దేవుడి మీద నమ్మకం, ఇంకొకరిది పదార్థం మీద. మార్గం చెడితే గమ్యం చెడుతుందన్న దగ్గర మాత్రం ఇద్దరూ ఒకే చోటికి వచ్చారు.

ఈ నీతే రాజకీయంలోకి వచ్చేసరికి ఆయన పార్టీ మీదే పడింది. పార్టీ పని అధికారం సంపాదించడం. అధికారం కోసం ఓటర్లను మందగా చూడాలి, సభ్యుడి అంతరాత్మను నాయకుడి దగ్గర తాకట్టు పెట్టించాలి. అలాంటప్పుడు మనిషే కొలమానమన్నవాడికి పార్టీ ఎందుకు? 1948 డిసెంబరులో కలకత్తా మహాసభలో రాడికల్ డెమోక్రాటిక్ పార్టీ తనను తానే రద్దు చేసుకుంది. 1946 ఎన్నికల్లో ఘోరంగా ఓడిన పార్టీకి అంతకన్నా దారేముందని ఎద్దేవా చేసినవాళ్లు ఉన్నారు, అందులో కొంత నిజం లేకపోలేదు. అయినా ఓడిన పార్టీలు సాధారణంగా పేరు మార్చుకుంటాయి, పొత్తు పెట్టుకుంటాయి. సిద్ధాంతం చెప్పి దుకాణం మూసేసినవి అరుదు.

పార్టీల స్థానంలో రాయ్ ఊహించింది ఊరూరా ప్రజా సంఘాలు. 1944లో ఆయన తయారు చేసిన స్వతంత్ర భారత రాజ్యాంగ ముసాయిదాలో ఇవి అట్టడుగు పునాది. ఎన్నుకున్నవాణ్ణి వెనక్కి పిలిచే హక్కు కూడా అందులో ఉంది. ఇది ఎంతవరకు సాధ్యమో తెలుగువాళ్లు వేరే ఎక్కడికో పోయి చూడనక్కర్లేదు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ సర్పంచి ఎన్నికలు పార్టీ గుర్తులు లేకుండానే జరుగుతాయి. కాగితం మీద అది పార్టీరహిత ప్రజాస్వామ్యమే. ఎవరు ఏ పార్టీ మనిషో ఊళ్లో పసిపిల్లాడైనా చెబుతాడు. ఫలితాలు వచ్చిన సాయంత్రం ‘మాకిన్ని, వాళ్లకిన్ని’ అని పార్టీలు లెక్కలు విడుదల చేస్తాయి.

అలాగని రాయ్ భయాన్ని కొట్టిపారేయలేం. 1985లో 52వ సవరణతో పార్టీ ఫిరాయింపుల నిషేధ చట్టం వచ్చింది. సంతలో పశువుల్లా అమ్ముడుపోతున్న సభ్యులను ఆపడం దాని ఉద్దేశం, మంచిదే. కానీ పార్టీ విప్‌కు వ్యతిరేకంగా ఓటేసిన సభ్యుడు, డబ్బుకు అమ్ముడుపోయినా అంతరాత్మకు కట్టుబడినా, పదవి పోగొట్టుకునేది ఒకేలా. లక్షలమంది ఎన్నుకున్న మనిషి చట్టం దృష్టిలో పార్టీ లెక్కలో ఒక అంకె. పార్టీలు లేని లోకం గురించి రాయ్ చెప్పిన మందు పనిచేయలేదు. జబ్బును మాత్రం సరిగ్గానే గుర్తుపట్టారు.

మతం దగ్గర మానవవాదులందరూ ఒకేలా మాట్లాడరు. 1933లో అమెరికాలో తత్వవేత్త జాన్ డ్యూయీ లాంటివాళ్లు సంతకాలు చేసిన మానవవాద ప్రణాళిక తనను తాను ఒక కొత్త మతంగానే పరిచయం చేసుకుంది. 1952లో ఆమ్‌స్టర్‌డామ్‌లో జీవశాస్త్రవేత్త జూలియన్ హక్స్‌లీ అధ్యక్షతన అంతర్జాతీయ మానవవాద సమాఖ్య ఏర్పడేనాటికి ఆ గొంతు తగ్గింది. మన వైపు చూస్తే గోరా ఉన్నారు. 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టి, తర్వాత విజయవాడకు మార్చినాయన. గోరాకు నాస్తికత్వమే మొదలు, నీతీ రాజకీయమూ దాని నుంచి రావాలి. దేవుణ్ణి నమ్మడమంటే బానిసత్వానికి ఒప్పుకోవడమని ఆయన వాదం. రాయ్ కూడా నాస్తికుడే అయినా ఆయనకు నాస్తికత్వం ముగింపుల్లో ఒకటి తప్ప మొదలు కాదు. పైగా ఏ మతం ఏ కాలంలో మనిషిని ఎంత విడిపించిందో చూడాలంటారు. ఇస్లాం తొలినాళ్లలో చరిత్రను ముందుకు నెట్టిన శక్తి అని వాదిస్తూ ఆయన ఒక పుస్తకమే రాశారు. నాస్తికుడు రాసిన ఆ పుస్తకం ఆస్తికులకూ నాస్తికులకూ ఇబ్బందే కలిగించి ఉంటుంది.

నమ్మకాల మీద చర్చ తేలిక. పెళ్లి, చావు వచ్చినప్పుడే అసలు పరీక్ష. పురోహితుణ్ణి వద్దన్నాక ఆ చోటులో ఏం పెట్టాలి? రిజిస్ట్రారు ముందు సంతకం చేస్తే చట్టానికి సరిపోతుంది, చుట్టాలకు సరిపోదు. రాయ్ పేరు ఇక్కడ వినబడక ముందే కవిరాజు త్రిపురనేని రామస్వామి చౌదరి ఈ చిక్కును గుర్తించారు. డబ్లిన్‌లో చదివొచ్చిన ఈ బారిస్టరు తెలుగులో వివాహవిధి రాసి, తనే దగ్గరుండి పెళ్లిళ్లు చేయించారు. అర్థం కాని మంత్రం తీసేసి అర్థమయ్యే మాట పెట్టడమే అందులోని తిరుగుబాటు. తర్వాత తెనాలిలో న్యాయవాది ఆవుల గోపాలకృష్ణమూర్తి రాడికల్ హ్యూమనిస్టుగా, అంటే రాయ్ బాటలోని మానవవాదిగా, ఎన్నో సెక్యులర్ పెళ్లిళ్లు జరిపించారు. మంత్రం పోయాక కూడా ఆ క్షణానికి తగిన మాట ఒకటి కావాల్సి వచ్చింది చూడండి. పదిమంది ముందు పలికితే బరువుగా ఉండేది, మామూలు వచనం కన్నా ఒక పిసరు పైన ఉండేది. మతాన్ని పక్కకు జరిపినవాడి చేతికి తగిలేది కవిత్వమే.

అక్కడితో ఆగితే కవిత్వం మతానికి బదులు సరుకు అయిపోతుంది. మానవవాదులకు దాంతో ఉన్న సంబంధం అంతకన్నా లోతైనది. 1930 జులైలో బెర్లిన్ దగ్గర కాపుత్‌లో ఐన్‌స్టీన్ ఇంట్లో రవీంద్రనాథ్ ఠాగూర్ ఆయనతో మాట్లాడారు. సత్యమూ సౌందర్యమూ రెండూ మనిషి మీద ఆధారపడ్డవేనని ఠాగూర్ వాదం. సౌందర్యం విషయంలో ఒప్పుకుంటాను, సత్యం విషయంలో ఒప్పుకోనని ఐన్‌స్టీన్ జవాబు. మనుషులెవరూ లేకపోయినా సత్యం సత్యమేనని ఆయన పట్టుదల. రాయ్ భౌతికవాదం కూడా ఐన్‌స్టీన్ వైపే మొగ్గుతుంది. సత్యం మనం కనుక్కునేది, అది మన ఇష్టానికి వంగదు. సౌందర్యం పూర్తిగా మన చేతిపని. అలా చూస్తే మనిషి సృష్టిశక్తికి కవిత్వం కన్నా గట్టి సాక్ష్యం ఇంకోటి దొరకదు.

ఈ చూపుతో పురాణాలూ వేదాలూ కూడా మారిపోతాయి. వేదం అపౌరుషేయమని, దానికి కర్త లేడని వేదవిధులను వ్యాఖ్యానించే మీమాంసకుల మాట. మానవవాది కర్త ఉన్నాడంటాడు. దాంతో అది ఆజ్ఞ కావడం మానేసి కవిత్వం అవుతుంది. ఆనందించవచ్చు, తప్పుపట్టవచ్చు, తిరిగి రాయవచ్చు. కవిరాజు చేసింది ఇదే. తపస్సు చేశాడని రాముడు చంపిన శంబుకుణ్ణి నాటకానికి కేంద్రం చేసి ‘శంబుకవధ’ రాశారు. ‘సూతపురాణం’ రాసి పురాణాలను పద్యంతోనే నిలదీశారు. ఛందస్సు వాళ్లదే, ప్రశ్న తనది. పురాణాన్ని చింపేయమనేవాడికి ఇంత శ్రద్ధ అక్కర్లేదు. దాంతో తగువు పెట్టుకోవాలంటే ముందు దాన్ని బాగా చదివి ఉండాలి, కాస్త ప్రేమా ఉండాలి.

రాయ్ చుట్టూ కవులు అంతమంది చేరడం నన్నెప్పుడూ ఆశ్చర్యపరుస్తుంది. తెలుగులో భావకవిత్వపు తొలి తరానికి చెందిన అబ్బూరి రామకృష్ణారావు, బెంగాలీలో శివనారాయణ్ రే, హిందీలో అజ్ఞేయ, మలయాళంలో ఎం. గోవిందన్. విజ్ఞానశాస్త్రం, వివేచన, నియమబద్ధ విశ్వం అని మాట్లాడే మనిషి దగ్గర వీళ్లకేం పని? ఒక కారణం ఆనాటి సాహిత్య వాతావరణంలో ఉంది. 1943లో తెనాలిలో అభ్యుదయ రచయితల సంఘం మొదటి మహాసభ జరిగింది. సాహిత్యం ప్రజల పక్షాన నిలవాలన్న పిలుపు బలంగా వినిపించిన కాలం అది. ఆ పిలుపు గొప్ప కవిత్వాన్నే తెచ్చింది, కాదనను. అయితే ప్రజల పక్షం ఏదో నిర్ణయించేది ఎవరు? పార్టీయా, కవా? పార్టీ అయితే కవి చేతిలో ఉన్నది కలం కాదు, జెండా కర్ర. ఈ ఇబ్బంది పడుతున్నవాళ్లకు, అలాగని పూలూ వెన్నెలా రాసుకుంటూ కూర్చోలేనివాళ్లకు, రాయ్ దగ్గర చోటు దొరికింది. అణచివేత గురించి రాయి, కానీ ఏది రాయాలో నీకెవరూ చెప్పరు అన్నాడాయన.

ఇంకో కారణం ‘రీజన్, రొమాంటిసిజం అండ్ రివల్యూషన్’ అన్న ఆయన చివరి పెద్ద పుస్తకంలో కనిపిస్తుంది. చరిత్రకు నియమాలున్నాయని వివేచన చెబుతుంది. నియమాలున్నా సరే, మనిషి తలుచుకుంటే లోకాన్ని తిరిగి కట్టగలడని కాల్పనికత చెబుతుంది. రెండూ ఒకదాన్నొకటి కొట్టుకుంటాయి. కానీ రెండోది లేకుండా ఏ విప్లవమూ రాలేదు. ఉన్నదాన్ని కొలవడానికి వివేచన చాలు, లేనిదాన్ని కోరుకోవడానికి చాలదు. ఆ కోరిక ఎక్కడి నుంచి వస్తుందో కవులకు తెలుసు. నీతి దగ్గర ఆయన గొలుసులో తెగిపోయిన మెట్టు ఇదేనేమో. ఉన్న లోకం నుంచి ఉండాల్సిన లోకానికి తర్కం దాటించలేకపోయింది, ఊహ దాటిస్తుంది. రాయ్ ఇలా అనలేదు, ఇది నా పఠనం. ఇందులో ప్రమాదమూ ఉంది. దేశభక్తి పేరిట మనుషులను మందలు చేసిన ఉద్యమాలు కూడా కవిత్వం మీదే పెరిగాయి. అందుకే వివేచన దాని పక్కన కాపలాగా నిలబడాలి.

వివేచన ఒక్కటే మిగిలితే ఏమవుతుందో చెప్పిన నవల కూడా ఈ బృందం నుంచే రావడం గమనించాలి. కవిరాజు కొడుకు త్రిపురనేని గోపీచంద్ ఆంధ్రలో రాడికల్ డెమోక్రాటిక్ పార్టీ కార్యదర్శిగా పనిచేశారు. ఆయన ‘అసమర్థుని జీవయాత్ర’లో సీతారామారావు ప్రతిదాన్నీ తరచి తరచి చూస్తాడు, ఏ మనిషితోనూ కలవలేకపోతాడు, చివరికి తనను తానే తినేసుకుంటాడు. ఎందుకు అని అడగడం నేర్పినందుకు తండ్రికి ఈ నవలను అంకితమిచ్చారు గోపీచంద్. ఆ ప్రశ్న ఒక మనిషిని ఎంత దూరం ఈడ్చుకుపోగలదో అదే పుస్తకంలో చూపించారు.

తర్వాతి కాలంలో గోపీచంద్ అరవిందుడి తత్వం వైపు వెళ్లారు. హేతువాది కొడుకు, రాయిస్టు, పూర్ణయోగం దగ్గరికి చేరాడు. ఏ కమ్యూనిస్టు పార్టీలోనో అయితే దానికి పేరుండేది, విచారణ ఉండేది, తీర్మానం ఉండేది. నవ్యమానవవాదులు వాదించగలరు, నొచ్చుకోగలరు, అంతే. వెలివేయడానికి కావాల్సిన పార్టీని వాళ్లు 1948లోనే రద్దు చేసుకున్నారు.